కడిగి పంపిన బూడిద

విశాఖలో ఒక ల్యాబులో పనిచేస్తాను. నేను చేసేదేమిటో వింటే నవ్వుతారు. ఫ్యాక్టరీలు పారేసే బూడిదను కాస్త పులుపు కలిపిన నీళ్లతో సీసాలో పోసి, యంత్రానికి బిగించి పద్దెనిమిది గంటలు పల్టీలు కొట్టిస్తాను. తర్వాత ఆ నీళ్లు వడకట్టి సీసం, క్రోమియం ఎంత దిగాయో చూస్తాను. వానకు ఆ బూడిదలోంచి భూమిలోకి ఏం దిగుతుందో ముందే తెలుసుకోవడం అన్నమాట.

చోడవరం దగ్గర పల్లెలో ఉండే మా మేనత్తకు నా ఉద్యోగమంటే మహా గొప్ప. ఆమె పెరడు పల్లం. వానాకాలం నూతి చుట్టూ మోకాల్లోతు బురద. లారీవాళ్లెవరో ఫ్యాక్టరీ బూడిద ఊరికే పోస్తామన్నారట. "పోయించీమంటావా బాబూ?" అని ఫోన్ చేసింది. ఆమే కాదు, వీధి వీధంతా ఆ నూతి నీళ్లే తాగుతుంది. ముందు నాకు కొంచెం పంపమన్నాను.

నిజానికి నేనే వెళ్లి, కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి తీసుకోవాలి. బద్ధకించాను. ఊరివాళ్లెవరో బస్సులో స్టీలు డబ్బా తెచ్చిచ్చారు. లోపల బూడిద సన్న ఇసకలా తేటగా ఉంది. ఎంత శుభ్రంగా పంపిందో అని మురిసిపోయాను కూడా, బుద్ధిలేక. పరీక్షలో ఏమీ దిగలేదు. పోయించుకోమన్నాను. మేనల్లుడు చూసి బాగుందన్నాడని ఆమె చెబితే వీధిలో మిగతావాళ్లూ పోయించుకున్నారు.

రెండు వానాకాలాలు గడిచాక వెళ్లాను. అన్నం పెడుతూ మాటల్లో అంది.

"ఆఫీసుకి అలగే పంపితే నీకు పరువుతక్కువ కాదేటి? బియ్యం కడిగినట్టు ఏడు నీలు పోసి కడిగీసి, సేటలో ఎండబెట్టి మరీ పంపేను."

మా ఇళ్లలో అంతే. పప్పు పంపినా, చింతపండు పంపినా చెరిగి, ఏరి పంపకపోతే తలవంపులు. నేను వెతికినదంతా ఆ కడుగునీళ్లలో ముందే పోయింది.

ఆ రోజే పెరటి బూడిద, నూతి నీళ్లు పట్టుకెళ్లి పరీక్షకు పెట్టాను. రెండూ చెడ్డవే. తవ్వించేద్దామంటే వీధంతా అదే, కొందరు పైన గచ్చు కూడా చేయించుకున్నారు. తవ్వినా, ఇప్పటికే దిగినదాన్ని వెనక్కి లాగే యంత్రం నా దగ్గర లేదు. ఏదైనా చేయమని ప్రభుత్వానికి అర్జీ పెడితే, "మొదట బాగుందన్నది మీరేనట కదా?" అన్నారు.

మళ్లీ ఊరెళ్లి అందర్నీ నూతి దగ్గరికి పిలిచాను. ఈ నీళ్లు తాగొద్దన్నాను. ఎందుకో చెప్పాను. తప్పు నాదని అనబోతుంటే అత్త అడ్డం వచ్చింది.

"ఆడినేటీ అనకండి. కడిగింది నాను. తప్పు నాది."

ఆ మాటను ఆమె మీదే ఉండనిచ్చాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పక్కింటామె బిందె పట్టుకుని ముందుకొచ్చి, "మరైతే బాబూ, ఇప్పుడు నీలెక్కణ్ణించి తెచ్చుకోమంటావు?" అంది. ఆ వీధికి వేరే నుయ్యి లేదు, కుళాయి ఇంకా రాలేదు. ఆమె నూతిలోకి చేద వదిలింది.