మూగదయ్యమని పిలిచిన జబ్బు

సహోదరులారా, నా భార్య సుగుణమ్మ మొదటిసారి పడిపోయింది మన ఉదయగిరి ప్రార్థనలోనే. పాట మధ్యలో కుడిచేతి బొటనవేలు అదిరింది, ఆ అదురు చేయంతా పాకింది, మూతి కుడివైపుకు లాక్కుపోయింది, చివరికి మనిషే నేలమీద పడి కొట్టుకుంది. అదురు ఆగాక కళ్లు తెరిచింది గానీ నోరు పెగల్లేదు. సంఘపెద్ద యోబయ్య ఆమె తలమీద చెయ్యి పెట్టి అడిగాడు.

"ఎవురు నువ్వు? నీ పేరేంది? చెప్పు."

ఆమె పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"చూసినారా, సువార్తలో ఉండే మూగదయ్యం ఇదే. ఉపవాసం లేకుండా పోదు" అని ఆయన మావైపు తిరిగాడు.

వాక్యంలో ఉన్న మాట గనుక అందరం నమ్మాము. ఉపవాసాలతో ఆమె చిక్కిపోయింది, పడిపోవడం మాత్రం ఎక్కువైంది. ఆడవాళ్లు పిల్లలను ఆమె పక్కన కూర్చోనివ్వలేదు. ఒకరోజు నాకు అన్నం పెడుతూ అడిగింది.

"ఏమయ్యా, నాలో దయ్యముంటే నీకు అన్నమెట్టా పెడతా ఉండాను? లోపల యేసయ్యను పిలస్తానే ఉండాను. నోరే తిరగడంలా."

నేను గరిటెలు చెక్కేవాళ్లకు కొయ్య కొలిచి లెక్క కట్టేవాణ్ణి, చదువు తక్కువ, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఆ అలవాటుతోనే ఆమె పడేది గమనించాను. ప్రతిసారీ అదే వరుస, బొటనవేలు, చెయ్యి, మూతి, ఆ తర్వాత మాట పోవడం. దయ్యానికి ఇంత వరుస ఎందుకని మనసును తొలుస్తూ ఉండేది. ఇంతలో ఆత్మకూరులో చుట్టాలింట ఆమె పడిపోతే, అదురు ఎంతకీ ఆగలేదు. అక్కడి ఆసుపత్రిలో సూది వేసి ఆపి, నెల్లూరు పంపించారు. స్కానులో మెదడుకు ఎడమవైపు గడ్డ కనిపించింది.

ఆ వరుస అక్కడి డాక్టరమ్మకు చెప్పి, ఎందుకలా అని అడిగాను.

"ఫిట్సు పుట్టేది చాలావరకు గడ్డలో కాదయ్యా, దాని చుట్టూ ఉండే మెదడులో" అంది.

గడ్డ పక్క కణాలను నొక్కి వాపు తెస్తుందట, గ్లూటమేట్ అనే రసాయనాన్ని వదిలి వాటిని రెచ్చగొడుతుందట, ఆ రెచ్చిపోవడాన్ని అణచే కణాలేమో అక్కడ దెబ్బతింటాయట. అప్పుడు వాటి విద్యుత్తు అదుపు తప్పి, వేలిని నడిపే చోట మొదలై, పక్కనే ఉన్న మూతి చోటుకు పాకుతుంది. తర్వాత మాటను నడిపే చోటు అలిసిపోయి కాసేపు పనిచేయదు.

ఆసుపత్రి వరండాలో మోకరించి, "తండ్రీ, నీ బిడ్డను దయ్యమన్నాము, క్షమించు. ఆమెను బతికించు" అని ఏడ్చాను.

ఆపరేషన్ చేశారు. మొత్తం తీస్తే మాట పూర్తిగా పోతుందని కొంత గడ్డను వదిలేశారు. యోబయ్య చూడవచ్చి మంచం పక్కన తల వంచుకుని, "అమ్మా, అడగరాని మాట అడిగినాను" అన్నాడు.

ఆమె మెల్లగా కూడబలుక్కుంది. "నా పేరు... సుగుణమ్మ, పెదనాయనా. అప్పుడడిగితిరి... ఇప్పటికొచ్చినాది జవాబు."

ఆయన నవ్వబోయి ఏడ్చాడు.

మాత్రలతో ఫిట్సు తగ్గాయి, పోలేదు. గడ్డ మళ్లీ పెరగదని మీకు అబద్ధం చెప్పను. ఇంతవరకు కాపాడిన దేవునికే మహిమ. మీలో ఎవరింట్లోనైనా ఇలా పడితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఆసుపత్రికి తీసుకుపోండి, దారిపొడవునా ప్రార్థించండి. మందు మింగితే విశ్వాసం తరిగిపోదు. రేపు మళ్లీ స్కానుకు నెల్లూరు పోతున్నాము. అందులో ఏమి కనిపించినా ఆయన మా చెయ్యి వదలడని నమ్మే బస్సెక్కుతాము. మీరూ ఆయనను నమ్మండి.