బ్రిజిట్ తాతమ్మ పెంచుకున్న వయసు

పొద్దున్నే గంగారత్నం మొదట చేసే పని భోజనాల బల్ల తుడవడం. రెండు నెలలుగా ఆ పని లేదు. కువైట్‌లోని ఫింటాస్‌లో ఆమె పనిచేసే ఫ్లాటు నోరా అనే ఐర్లాండు నర్సుది. ఆవిడ బల్లనిండా వాళ్ల దేశపు పాత జనాభా లెక్కల కాగితాలు పరిచేసింది. దుమ్ము పడ్డా సరే, ముట్టుకోకూడదు. టిఫిను వంటింటి గట్టుమీదే.

ఇద్దరి మధ్యా మాటలు మోసేది కడప నుంచి వచ్చిన డ్రైవరు సిద్ధయ్య.

"ఆయమ్మకు వాళ్ల ముత్తాత పేరు గావాలంట," అన్నాడు. "శుక్రవారం విమానమెక్కుతాది. పేరు తెలీకుండా సమాధి యాడని ఎతకల్ల?"

పందొమ్మిది వందల పదకొండు నాటి కాగితంలో నోరా తాతమ్మ బ్రిజిట్ ఉంది. వితంతువు, డెబ్బై ఏళ్లు, ముగ్గురు పిల్లలు, చిన్నవాడికి పద్దెనిమిది. పదేళ్ల ముందు కాగితంలో అదే ఊళ్లో ఒక బ్రిజిట్, పక్కన భర్త ఓవెన్, అవే పేర్ల పిల్లలు. కానీ ఆ బ్రిజిట్‌కి యాభై రెండే. ఈవిడ వేరే మనిషని నోరా ఆ కాగితం పక్కన పడేసింది.

గంగారత్నానికి ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు.

"ఇదేంటండీ, డెబ్బై ఏళ్ల ముసలమ్మకి పద్దెనిమిదేళ్ల కొడుకా? యాభై రెండేళ్లకి కనేసిందా?"

"కనింటాదేమో. నీకేంటికి?"

"ఇది నా పాస్‌పోర్టు లాంటిదేనండి. ముప్ఫై నిండందే ఆడమనిషిని పంపరని ఏజెంటు నాకు ఏడేళ్లు పెంచెయ్యలేదేంటి? ఈవిడకీ ఏదో అవసరం పడుంటాది. మొగుడు పోయాడు కదా."

గంగారత్నం ఆ పాస్‌పోర్టు తీయించుకుంది తన భర్త పోయిన ఏడాదే.

సిద్ధయ్య నవ్వుతూనే నోరాకి చెప్పాడు. నోరా నుదురు కొట్టుకుంది. ఆ రెండు లెక్కల మధ్యనే వాళ్ల సర్కారు డెబ్బై నిండినవాళ్లకి పింఛను మొదలుపెట్టిందట!

"అయితే పక్కిళ్లవాళ్లూ పెంచేసుంటారండి. చూడమనండి."

నోరా ఊరి జాబితాలు రెండూ పక్కపక్కన పెట్టింది. పక్కింటి ముసలాయన పదేళ్లలో పదహారేళ్లు పెరిగాడు. ఎదురింటావిడ పదిహేడు.

"ఊరు ఊరంతా గంగారత్నాలే గదమ్మా!" అన్నాడు సిద్ధయ్య.

"ఆయ్! మీ వయసు మాత్రం నిజమేంటి?"

సిద్ధయ్య అదీ చెప్పేసరికి నోరా పగలబడి నవ్వింది. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుని, ఓవెన్ అన్న పేరు కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసింది. ఒకసారి చాలక రెండోసారి గీసింది.

సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయని సిద్ధయ్య గుర్తుచేశాడు.

"ఉండనివ్వండి, ఎక్కడికీ పారిపోవు," అంటూ గంగారత్నం నోరా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ ఊళ్లో ఇంకా పదకొండు ఇళ్లు చూడాలి.