ఆరు కాళ్ల లెక్క

విశ్వవిద్యాలయంలో పురుగుల గది మూడో అంతస్తులో, మెట్ల పక్కన ఉండేది. తలుపు తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమనేది. ఆ గదిలో పందొమ్మిదేళ్లుగా చచ్చిన పురుగులకు సూదులు గుచ్చి, కాళ్లు సర్ది, పెట్టెల్లో పెడుతున్న మనిషిని అందరూ గడియారం అనేవాళ్లు. అంతకుముందు ఆయన చేతి గడియారాలు బాగుచేసేవాడు. జనం ఫోన్లలో టైం చూసుకోవడం మొదలుపెట్టాక దుకాణం మూతబడింది. పట్టకారు, కంటికి తగిలించుకునే భూతద్దం మాత్రం ఆయనతోపాటు పురుగుల గదికి వచ్చేశాయి.

చదువు పదో తరగతితో సరి. అయినా పేడపురుగు మీసం చూసి అది ఏ జాతిదో చెప్పేవాడు. పేరు వెనక బారెడు డిగ్రీలున్న వాళ్లు కూడా పురుగును తెచ్చి బల్ల మీద పెట్టి, "కాస్త చూడండి" అని చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆయన నోరు విప్పేవాడు కాదు. కాగితం ముక్క మీద పేరు రాసి ఇచ్చేవాడు, అంతే. ఒక్కటే పట్టుదల ఆయనకు. తన చేతి మీదుగా వెళ్లే పురుగుకు ఆరు కాళ్లూ ఉండాలి. ఐదు కాళ్ల పురుగు కంటబడితే ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆయన దగ్గర పని నేర్చుకున్నది ఒక్క మేనకోడలే. చిన్నప్పుడు సెలవుల్లో వచ్చి బల్ల పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేది. ఎమ్మెస్సీ అయ్యాక కూడా ఆ పీట వదల్లేదు. రెండు వానాకాలాలు ఇటుక బట్టీల వెనకున్న పచ్చిక బయలు మీద తిరిగి, పశువుల పేడ కెలికి, అరవై మూడు పేడపురుగులు ఏరింది. ఒక్కోదాన్నీ ఒక్కో చిన్న గాజు గొట్టంలో, చిక్కటి ఆల్కహాలులో వేసింది.

అప్పుడే ప్రకటన పడింది. కీటకాల జన్యువుల మీద, జీవవైవిధ్యం మీద పరిశోధనకు ఒకే ఒక్క పీహెచ్‌డీ సీటు. షరతు ఏమిటంటే, సొంతంగా సేకరించిన పురుగుల్లోంచి డీఎన్ఏ తీసి, నలభై పురుగుల ఫలితాలు ఇంటర్వ్యూకి పట్టుకెళ్లాలి.

"అందరి పిల్లలూ డాక్టర్లయితే మనుషుల నాడి పట్టుకుంటారు. ఇది పేడ కెలికి డాక్టరవుతుందట! అంతా నీ శిక్షణేరా తమ్ముడూ" అంది ఆ పిల్ల తల్లి.

"పేడ కెలికితే తప్పేంటక్కా? నువ్వు రోజూ బావగారి పాత తప్పులు కెలకట్లేదా?"

"సీటొస్తే కొత్త పురుగొకటి పట్టి నీ పేరు పెడతానమ్మా" అంది మేనకోడలు.

"పేడపురుక్కి నా పేరెందుకే? మీ నాన్న పేరు పెట్టు. అచ్చు గుద్దినట్టు సరిపోతుంది."

డీఎన్ఏ తీసే పద్ధతి నేర్చుకోవడానికి మేనకోడలు ఆరు వారాలు వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. గొట్టాల పెట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చల్లగా ఉంచు మామయ్యా, చాలు. మిగతాది నీకు చెప్పేంతదాన్నా?"

"చెప్పకు మరి. నీకు జడ వేసుకోవడం రానప్పటినుంచీ నేను ఈ పనిలో ఉన్నా."

నిజానికి చెప్పాల్సింది ఇంకో మాట ఉంది. అది ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. పని నేర్పిన మనిషికే పని చెప్పడమేంటని మింగేసింది.

నాలుగో రోజు ఆయన పెట్టె తెరిచి చూశాడు. చిక్కటి ఆల్కహాలుకు పురుగులు కొయ్యబారి ఉన్నాయి. రెండు గొట్టాల అడుగున కాళ్లు విరిగి పడున్నాయి. ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇలాంటి వాటికి ఆయన సొంతంగా తయారుచేసుకున్న మందు ఒకటుంది. ఆల్కహాలులో సగం నీళ్లు, కీళ్లు మెత్తబడటానికి గ్లిజరిన్, బూజు పట్టకుండా రెండు చుక్కల ఫార్మాలిన్. అందులో వేసిన పురుగు పదేళ్లయినా నిన్న పట్టినట్టే ఉండేది. పది రోజులపాటు, భోజనం కాగానే కూర్చుని, అరవై మూడింటినీ ఒక్కొక్కటిగా ఆ మందులోకి మార్చాడు. విరిగిన కాళ్లను కూడా వాటి వాటి గొట్టాల్లోనే జాగ్రత్త చేశాడు.

మేనకోడలు తిరిగొచ్చి గొట్టాన్ని వెలుగుకు ఎత్తి చూసింది. "ఇవేంటి మామయ్యా, బతికున్నట్టున్నాయి!"

ఆయన మీసాల్లోనే నవ్వుకున్నాడు. ఏం చేశాడో చెప్పలేదు. చేసిన పని చెప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

మొదట పన్నెండు పురుగుల మీద పరీక్ష చేసింది. డీఎన్ఏ రాలేదు. మరో పన్నెండు. అవీ అంతే. తన చేతిలోనే ఏదో లోపముందనుకుని మందులు మార్చింది, గిన్నెలు మార్చింది, తిండి మానేసింది. ఇంటర్వ్యూకి ఎనిమిది రోజులుందనగా, ఆమె పరీక్షలు చేస్తున్న ల్యాబు ప్రొఫెసరు వరండాలో గడియారాన్ని ఆపాడు.

"మీ మేనకోడలు చదువులో దిట్టేనండీ. చేతిపనిలోనే శ్రద్ధ తక్కువ."

ఆ మాట ఆయనకు ములుకులా దిగింది. ఆ చెయ్యి తను నేర్పిన చెయ్యి. నేరుగా ల్యాబుకు వెళ్లి, మేనకోడలి పక్కన నిలబడి పని చూశాడు. వేలు వణకలేదు, చుక్క ఒలకలేదు. వంక పెట్టడానికి ఏమీ కనబడలేదు. ఆయనతో మాట్లాడటానికి ఆమె మాస్కు కిందికి లాగింది. చేతిలో అప్పుడే మూత తీసిన గొట్టముంది. దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

"మామయ్యా, ఈ వాసనేంటి?"

"నా మందేనమ్మా. కాళ్లు విరిగిపోతున్నాయని మార్చా."

"ఫార్మాలిన్ వేశావా?"

"రెండు చుక్కలు."

ఆమె గొట్టం కింద పెట్టింది.

"ఫార్మాలిన్ లోపలి డీఎన్ఏ పోగుల్ని ఒకదానికొకటి అతికించి పాడుచేస్తుంది మామయ్యా. పైకి ఎంత బాగుంటే ఏం, లోపల చదవడానికి అక్షరం మిగల్లేదు. ముందే చెప్పాల్సింది నేను."

"అడగాల్సింది నేనే" అన్నాడాయన.

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి, డబ్బా, పుల్ల పట్టుకుని ఆయనొక్కడే ఇటుక బట్టీల వెనక్కి వెళ్లాడు. బయలు చుట్టూ ఇనుప కంచె వేసేశారు. లోపల రోలరు తిరుగుతోంది. గడ్డి ఉన్నచోట కంకర, కంకర మీద తారు. పశువు లేదు, పేడ లేదు, పురుగు లేదు. ఊరి చుట్టుపక్కల పశువులు మేసే బయలు అదొక్కటే మిగిలి ఉండేది. కంచె పొడవునా రెండుసార్లు నడిచి, ఖాళీ డబ్బాతో తిరిగొచ్చాడు.

అటునుంచి అటే ప్రొఫెసరు గదికి వెళ్లాడు. "తప్పు ఆ పిల్ల చేతిది కాదండీ, నాది" అని మొత్తం చెప్పాడు. పందొమ్మిదేళ్లలో ఆ గదిలో ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

ప్రొఫెసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయిని నేను ఒక మాట అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్లు ఫలితాలే అడుగుతారండీ, కారణాలు అడగరు."

సీటు ఇంకొకరికి వెళ్లింది. మేనకోడలు ఒక విత్తనాల గోదాములో చేరింది, బస్తాల్లో పుచ్చు చూసే పనికి. "అదీ పురుగుల పనే కదా మామయ్యా" అంది. మునుపైతే ఆ మాటకు తనే ముందు నవ్వేది.

మిగిలిన ముప్పై తొమ్మిది పురుగులకూ ఆయన సూదులు గుచ్చాడు. ఒక్కోదాని కింద చీటీ పెట్టాడు. పట్టిన చోటు, తేదీ, పట్టిన మనిషిగా మేనకోడలి పేరు. ఆ బయలు ఇప్పుడు ఆ చీటీల మీదే ఉంది. వాటి కింద ఇంకో చీటీ, గోరంతది, ముప్పై తొమ్మిదింటికీ తన చేత్తోనే రాశాడు.

ఒక శనివారం మేనకోడలు వచ్చి పాత పీట మీద కూర్చుంది. భూతద్దం పెట్టుకుని కింది చీటీ పైకే చదివింది. "ఫార్మాలిన్ తగిలింది. జన్యు పరీక్షకు పనికిరాదు. కలిపింది నేను." పక్కన ఆయన సంతకం.

"ఇదెందుకు మామయ్యా? నిన్నెవరు అడిగారు?"

"ఎప్పుడో ఒకనాడు నీలాంటిదే ఒకతి వచ్చి ఈ పెట్టె తెరుస్తుంది. దాని కాలమూ పోకూడదు కదా."

ఆమె భూతద్దం తీయలేదు. వరసలో మొదటి పురుగు నుంచి చివరిదాకా నెమ్మదిగా చూసుకుంటూ పోయింది.

"ఆరు కాళ్లూ ఉన్నాయి మామయ్యా, అన్నిటికీ" అంది. విరిగినవాటిని కూడా ఆయన జిగురుతో అతికించాడు.

ఆయన పెట్టెను తన ముందుకు జరుపుకున్నాడు. మూలన ఒక కలరా ఉండ పెట్టి, అద్దం మూత వేసి, పెట్టెను బీరువా అట్టడుగు అరలోకి తోశాడు.