కుప్పం పంపిన బొంత

1997 డిసెంబరు. పుంగనూరు బజారులో మా ఆయనా నేనూ చిన్న కట్ పీస్ దుకాణం నడిపేవాళ్లం. కట్ పీస్ అంటే మిల్లు తానుల్లో మిగిలిన ముక్కలు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది బొంతలు కుట్టేవాళ్లే. లోపల పాత చీరలు పరిచి, పైకీ కిందికీ కొత్త బట్ట వేసి కుడతారు. ఆ ఏడు కాటన్ ధర బాగా పెరిగింది. బొంతకు సరిపడా కొనాలంటే కూలివాళ్లకు వారం సంపాదన పోయేది. సంతలో మాత్రం గార్మెంట్ ఫ్యాక్టరీల వేస్ట్ క్లాత్ కిలో లెక్కన చవగ్గా దొరికేది. అందులో ఎక్కువ భాగం పాలిస్టర్, నైలాన్.

ఒక ఉదయం సోమల దగ్గరి పల్లె నుంచి గంగులమ్మ వచ్చింది. వాళ్లది గొర్రెలు మేపుకునే కుటుంబం. సంచిలోంచి సగం కుట్టిన బొంత తీసి, అంచుకు ఎర్రబట్ట కావాలంది.

"ఈ బట్ట యాడ కొన్నావమ్మా?" అని అడిగాను.

"సంతలో. పోయినసారి నువ్వు చెప్పిన రేటుకు గుండె జారిపోయింది. ఆడ కిలో లెక్కన ఇచ్చినాడు. కాటనే అన్నాడు."

చేతికి జారుడుగా తగిలింది. అంచు నుంచి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్ల అంటించాను. దీన్ని బర్న్ టెస్ట్ అంటాం. కాటన్ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, నల్లటి చుక్కగా రాలి చెక్క బల్లకు అతుక్కుంది. ఆ చుక్క ఒంటి మీద పడితే తోలుతోగానీ రాదు.

గంగులమ్మ ఆ చుక్కను గోటితో గీకి చూసింది.

"ఇట్లాంటిదే ఇంకోటి కుట్టి పోయిన వారం కుప్పం పంపించినాను" అంది. "మా కూతురు లచ్చుమికి రెండో కాన్పు అయినాది, అత్తగారింట్లోనే ఉండాది. చలికి మంచం కింద కుంపటి పెడతాండారు. బిడ్డను దాంట్లోనే సుడతాండారంట."

లక్ష్మి ఇంటి పక్క కిరాణా కొట్టుకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాం. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. గంగులమ్మను ఒంటరిగా కుప్పం పంపబుద్ధి కాలేదు. దుకాణం మా ఆయనకు వదిలి ఆమెతో బస్సెక్కాను.

పలమనేరులో బస్సు మారాం. కుప్పం నుంచి ఎదురొచ్చే ప్రతి బస్సులోనూ ఆమె తెలిసిన ముఖాల కోసం వెతికేది. ఎవరైనా కబురు తెస్తున్నారేమోనని ఆమె భయం.

"నా చేత్తోనే బిడ్డకు నిప్పు కుట్టి పంపించినానేమోమ్మా" అంది ఒకసారి.

కుప్పంలో ఆ ఇంటి తలుపు మూసి ఉంది. లోపల అలికిడి లేదు. గంగులమ్మ తలుపు తోసింది. గది నిండా సాంబ్రాణి పొగ. నులక మంచం మీద లక్ష్మి నిద్రపోతోంది, పక్కన బొంతలో బిడ్డ. మంచం కింద కణకణలాడే కుంపటి. బొంత కొస ఒకటి దాని పైకి వేలాడుతోంది.

గంగులమ్మ బిడ్డను ఎత్తుకుని బొంతను లాగి పారేసింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు లక్ష్మి లేచి కూర్చుంది.

లక్ష్మి అత్త రత్నమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏమైంది వదినా?"

నేను బొంత కొసను వెలుతురులోకి తెచ్చి చూపించాను. అరచేయంత మేర కరిగి, నల్లగా గట్టిపడి ఉంది.

రత్నమ్మ దాన్ని వేలితో తడిమింది. "మొన్న కమురు వాసన వచ్చినాది. సాంబ్రాణేమో అనుకుంటిమి."

మంట ఎందుకు అంటుకోలేదో మాకెవరికీ తెలియదు.

లక్ష్మి బొంత వైపు చూసి, "అమ్మ పంపించిందని వేరేది కప్పలేదు" అంది మెల్లగా. గంగులమ్మ సంచిలోని తన పాత నూలు చీర తీసి మనవరాలిని చుట్టింది. మేం బయల్దేరేదాకా కింద దించలేదు.

ఆ తర్వాతి వారం ఆమె మళ్లీ దుకాణానికి వచ్చింది. కాటన్ రేటు అడిగి, బేరమాడకుండా చిన్న ముక్క కోయమంది. "బిడ్డకు సరిపడేంత సాలు. పెద్దోళ్లం ఎట్లో కప్పుకుంటాం."

అప్పటిదాకా నా పని రేటు చెప్పి బట్ట కొలిచి ఇవ్వడమే అనుకునేదాన్ని. చవక బట్ట కొనేవాళ్లు తెలియక కాదు, అందక కొంటారని ఆమె వల్ల అర్థమైంది. అందుకే బొంత అనగానే ఎవరికి, ఎక్కడ పరుస్తారు అని ముందు అడుగుతాను. పెద్ద కాటన్ ముక్క కొనలేకపోతే బిడ్డకు సరిపడే చిన్నదే కొనమంటాను. "బట్ట ఇచ్చేదానికి ఇన్ని మాటలు యాలమ్మా?" అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. రేటు విని మాట్లాడకుండా సంత వైపు నడిచేవాళ్లను చూస్తే మాత్రం, ఇంట్లో పసిబిడ్డ ఉందేమో అడగలేదే అని, చేతిలో ఉన్న పని వదిలేసి ఇప్పటికీ వీధిలోకి పరిగెత్తుతాను.