కె.ఆర్.పురం అశ్వత్థప్ప లైన్‌లో ఉన్నారు

అశ్వత్థప్పకు కోపం రానిదే బస్సు కదలదని జిగణి ఫ్యాక్టరీలో అందరూ అనేవాళ్లు. కె.ఆర్.పురం స్టేషన్ దగ్గర పనివాళ్లను ఎక్కించుకుని జిగణి దాకా కంపెనీ బస్సు తోలడం ఆయన ఉద్యోగం. తాళం తిప్పగానే రేడియో పెట్టేవాడు. పొద్దుటిపూట ఆ ఎఫ్ఎంలో కిరణ్ అనే కుర్రవాడు కన్నడంలో ఆటల కబుర్లు చెబుతాడు. నిన్నటి మ్యాచ్ ఎవడు గెలిపించాడు, ఎవడు ముంచాడు, ఎవణ్ని ఇంటికి పంపాలి, ఇదే గోల. వినేవాళ్లు ఫోన్ చేసి తమ కడుపుమంట వెళ్లగక్కుకోవచ్చు. ట్రాఫిక్‌లో మిగతా బస్సులు ఉసూరుమంటూ నిలబడితే ఈ బస్సులో మాత్రం కీచులాటలు, పందేలు, నవ్వులు. జిగణి ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఫోన్ చేసేవాళ్లలో అశ్వత్థప్పే పెద్ద పేరు. ముందు సీట్లో కూర్చునే ప్యాకింగ్ నాగమ్మ తన ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి ఆయన నోటి దగ్గర పట్టుకునేది. అలాంటప్పుడు బస్సులో రేడియో ఆపేయాలి, లేదంటే లైను కీచుమంటుంది. అందుకని వెనక సీట్లవాళ్లు తమ ఫోన్లలో అదే ఎఫ్ఎం పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాళ్లు. "కె.ఆర్.పురం అశ్వత్థప్ప లైన్‌లో ఉన్నారు" అని కిరణ్ అనగానే ఆయన కూర్చునే తీరే మారిపోయేది. కన్నడంలో మొదలుపెట్టి, కోపం ముదిరేకొద్దీ తెలుగులోకి దిగిపోయేవాడు. పాతికేళ్లుగా దారి పొడుగునా ఆయన్ను హారన్లు కొట్టి తిట్టినవాళ్లే గానీ, అభిప్రాయం అడిగినవాడు ఒక్కడూ లేడు. ఈ పిల్లాడు అడిగాడు. అదీ ఆయన గర్వం.

ఒకరోజు ఎవడో తేలిక క్యాచ్ వదిలేస్తే అశ్వత్థప్ప లైన్‌లో విరుచుకుపడ్డాడు. "చేతులకి వెన్న పూసుకోని వచ్చినావేమిరా" అన్నాడు. కిరణ్ పడీ పడీ నవ్వాడు. మర్నాటి నుంచి ఆ ముక్క రేడియోలో రోజూ మోగడం మొదలైంది. క్యాచ్ జారినా అదే, సర్కారు రోడ్డు వేయకపోయినా అదే, చివరికి చపాతీ పిండి ప్రకటనకు ముందూ అదే. మొదటిరోజు ఆయన కూడా నవ్వాడు. మీసం కూడా దువ్వుకున్నాడు. కానీ ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్ రమేశ్ నమస్కారం మానేసి ఆ మాటే అనసాగాడు. టీ కొట్టువాడు గ్లాసు అందిస్తూ అన్నాడు. ఇంట్లో భార్య సొన్నమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"నిన్ను చూసి నవ్వుతా ఉండారా, నీతో కలిసి నవ్వుతా ఉండారా? ఒకసారి ఆలోచించు."

"నీకు ఆట తెలీదులే" అని కసిరాడు గానీ, ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఆ వారమే ఇంకో మంట రేగింది. మన జట్టులో కౌశల్ అని కొత్త ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. వరసగా ప్రతి మ్యాచ్‌లోనూ వాడిచేతే బౌలింగ్ వేయిస్తున్నారు. ఓవర్ అయ్యాక వాడు భుజం పట్టుకుని నిలబడటం అశ్వత్థప్ప టీవీలో చూశాడు. ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు. రేడియోలో జనమేమో వాడికి దమ్ము లేదంటున్నారు, స్పీడు తగ్గిందంటున్నారు. అశ్వత్థప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెన్న మాటలు కావు, ఈసారి అసలు మాట చెప్పాలి. రేపొద్దున ఊరంతా వినాలి అనుకున్నాడు.

పొద్దున సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఇరుక్కుంది. రేడియో ఆపాడు. నాగమ్మ ఫోన్ పట్టుకుంది. కిరణ్ హుషారుగా అందుకున్నాడు.

"అశ్వత్థప్ప సార్, కౌశల్‌ను ఈరోజు ఉతికేయండి. జనం కాచుకుని ఉన్నారు."

"వాణ్ని కాదప్పా. వాని చేత వేయిస్తా ఉండారే, వాళ్లను అడగాల" అన్నాడు అశ్వత్థప్ప. గొంతు పెంచలేదు. "నేనూ ఆనేకల్ టోర్నమెంట్లలో ఫాస్ట్ వేసినోణ్నే. నొప్పి ఉండాది అంటే సూది వేయించి, ఇంకొక ఓవర్, ఇంకొక ఓవర్ అనిరి. గెలిచినాము. కప్పు వాళ్లు తీసుకోనిరి. నా భుజం..."

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పక్కన ఇంకొకరు. ఆయన పట్టించుకోకుండా చెప్పుకుపోయాడు. "ఆపొద్దు నుంచి ఈ చెయ్యి పైకి లేవదు. ఎవరికీ చెప్పలే. ఆ పిల్లోనికి ఆ గతి పట్టకూడదు." ఈసారి వెనక వరసంతా ఘొల్లుమంది.

చెయ్యి లేవదంటే నవ్వా? అశ్వత్థప్పకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే అనుమానమొచ్చి రేడియో మీట తిప్పాడు. బస్సంతా తన గొంతే. చేతులకి వెన్న పూసుకోని వచ్చినావేమిరా. మళ్లీ అదే, వెనకాల డప్పుల మోతతో. తర్వాత కిరణ్ నవ్వు, ఆ తర్వాత చపాతీ పిండి. ఆనేకల్ అన్నచోటే ఆయన మాట రేడియోలో రాకుండా కోసేశారు. ఇంతసేపూ ఆయన చెప్పుకున్నది నాగమ్మ అరచేతిలోని ఫోన్‌కు మాత్రమే.

రేడియో ఆపేశాడు. ముఖం నల్లబడిపోయింది.

"ఆపినావేమన్నా, అదే కదా బాగుండేది" అన్నాడు వెనక వరసలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న అశోక్‌కుమార్.

అశ్వత్థప్ప సీట్లోంచి వెనక్కి తిరిగి కుడిచెయ్యి పైకెత్తాడు. అది భుజం దాకా వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగబట్టి ఇంకా ఎత్తబోయాడు. చెయ్యి లేవలేదు.

"ఇంతే పోతాది. చూసి నవ్వండి ఇప్పుడు."

ఒక్కరూ నవ్వలేదు. అశోక్‌కుమార్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేశాడు.

ఇంతలో ఫోన్‌లో కిరణ్ గొంతు మళ్లీ పలికింది. ప్రకటనలు నడుస్తున్నాయి కాబట్టి తీరుబాటుగా ఉన్నాడు. "సార్, అదిరిపోయింది. ఆ భుజం స్టోరీ బోర్ సార్, జనం చానెల్ మార్చేస్తారు. రేపు ఇదే టైముకు చేయండి, కొంచెం కారంగా."

అశ్వత్థప్ప నోరు తెరిచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు తిట్టు దొరకలేదు.

నాగమ్మ ఫోన్‌ను ఆయన నోటి దగ్గర నుంచి తీసి తన నోటి దగ్గర పెట్టుకుంది. ఏ రోజూ ఆటల గొడవలో తలదూర్చని మనిషి. నిన్నమొన్నటి దాకా వెన్న మాటకు తనూ నవ్విన మనిషి.

"ఎవడ్రా నువ్వు?" అని మొదలుపెట్టింది. "మనిషి కష్టం చెప్పుకుంటా ఉంటే కోసేసి పిండి అమ్ముకుంటావా? మీ నాయన చెయ్యి ఇట్లా పడిపోయింటే దానికీ డప్పులు కొట్టిస్తావా?" అంటూ కన్నడంలో కొంత, తెలుగులో కొంత, మధ్యలో ప్యాకింగ్ విభాగం ఆడవాళ్లు అందించినవి కొన్ని, గుక్క తిప్పుకోకుండా కడిగేసింది. కిరణ్ "మేడమ్, మేడమ్" అనడం తప్ప ఇంకేమీ వినపడలేదు.

గ్రీన్ సిగ్నల్ పడింది. వెనక బస్సులు హారన్లు మోగించాయి.

"చాల్లే నాగమ్మా, పెట్టెయ్" అన్నాడు అశ్వత్థప్ప, గేరు వేస్తూ.

"నువ్వు బండి తోలన్నా" అంది నాగమ్మ. "నాది ఇంకా అయిపోలే."