నవంబరు మామిడి

కోతల పండుగ నాడు రేపల్లె చర్చిలో ఎవరి పంటలో కొంత వాళ్ళు తెచ్చి బల్ల మీద పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. ప్రార్థనయ్యాక అన్నిటినీ వేలం పాడతారు. సెంటు భూమి లేని జకరయ్య మాస్టారు మాత్రం ఏటా ఒక కవరు పెట్టి, తలవంచుకుని వెనక్కి వచ్చేవారు.

1983 నవంబరులో ఆయనకేం పట్టిందో, అందరి ముందూ లేచి నిలబడ్డారు. "బాపట్ల ట్రైనింగుకెళ్ళినప్పుడు తిన్న మామిడిపండు టెంక పెరట్లో నాటానండి. దాని మొదటి కాపు, కోతల పండుగ నాడు ఈ బల్ల మీదే పెడతాను" అన్నారు.

సంఘపెద్ద బర్నబాస్ పగలబడి నవ్వాడు. "నవంబర్లో మామిడిపండు ఎక్కడి నుంచి వస్తుందండి మాస్టారూ? అదీగాక టెంక చెట్టు. కాసినా పులుపే!"

చర్చి మొత్తం నవ్వింది. మాస్టారి భార్య సామ్రాజ్యం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రైతైతే అలాంటి మాట నిద్రలో కూడా అనడు. బడిపంతులు గనక అనేశారు, అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు.

బర్నబాస్ ఆయనకు ప్రాణస్నేహితుడే. రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఆ మొక్క చిగురు తుంచి నమిలి, "పులుపే" అనేవాడు. మాస్టారు "తిన్నాక చెప్పు" అనేవారు. ఆ తర్వాత ఇద్దరూ టీ తాగేవాళ్ళు. తొమ్మిదేళ్ళు ఈ రెండు మాటలతోనే గడిచిపోయాయి.

1993లో చెట్టు మొదటిసారి పూతకొచ్చింది. పూత పిందె కాకముందే, ఫిబ్రవరిలో, మాస్టారు ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమం అయ్యాక బర్నబాస్ ఇక ఆ ఇంటివైపు రాలేదు.

మార్చిలో మస్కట్ నుంచి సామ్రాజ్యం చెల్లెలు రిబ్కా వచ్చింది. అక్కడ నర్సు. పలకరింపుకు వస్తూ ఒక మిషను తెచ్చింది. ప్లాస్టిక్ సంచిలో కూరో పండో పెట్టి మూతి అందిస్తే, అది లోపలి గాలంతా పీల్చేసి వేడితో అంటించేస్తుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే నెలల తరబడి పాడవదట.

"తినేదానికి కూడా ఊపిరాడకుండా చేస్తారా మీ ఊళ్ళో?" అని సామ్రాజ్యం వేళాకోళం చేసింది. అంతలోనే ఆమె చూపు పెరట్లోకి వెళ్ళింది. మే నెల కాపు నవంబరు దాకా ఉంటుందా?

అయిదు కాయలు నిలిచాయి. వరిగడ్డిలో మాగబెట్టింది. మొదట రెండు పండ్ల రసం తీసి సంచిలో పోసి మిషనుకు అందించింది. గాలితోపాటు రసాన్ని కూడా పీల్చేసి, గుర్రుమని ఆగిపోయింది మిషను. సంచిలో చెంచాడు కూడా మిగల్లేదు. సామ్రాజ్యానికి ఏడుపొచ్చింది. గుడ్డ పెట్టి సందుసందునా తుడిచి, మిషను మళ్ళీ తిరిగేసరికి పొద్దుపోయింది.

తెల్లవారి మిగిలిన మూడింటి గుజ్జును టిఫిన్ డబ్బాలో పోసి, ముందు ఫ్రిజ్‌లో గడ్డకట్టించింది. ఆ గడ్డను సంచిలో పెట్టి గాలి తీయించింది. ఈసారి సంచి గడ్డకు చర్మంలా అతుక్కుంది. వేలికంటిన గుజ్జు కూడా నాకకుండా కడిగేసుకుంది. ప్రథమ ఫలం దేవుడి కంటే ముందు మనం రుచి చూడకూడదు. కానీ ఆ వేలు నోట్లో పెట్టుకోకపోవడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. పులుపైతే? ఆయన్ను చూసి మళ్ళీ అందరూ నవ్వుతారు. ఈసారి "తిన్నాక చెప్పు" అనడానికి ఆయన లేరు.

తెనాలిలో కొన్న ఆ ఫ్రిజ్ బాగానే పనిచేసింది, కరెంటే మాట వినలేదు. అక్టోబరు గాలివానకు మూడు రోజులు పోయింది. సామ్రాజ్యం పొట్లం తువ్వాలులో చుట్టుకుని చేపల వ్యాపారం చేసే వెంకటసుబ్బులు ఇంటికి పరుగెత్తింది.

"రొయ్యల ఐసులో పెట్టమంటావా అక్కా? నీచు వాసన పట్టదూ?" అంది వెంకటసుబ్బులు.

"గాలే దూరదే అందులో. నీచెట్లా దూరుతుంది?"

నవంబరు ఆఖరి ఆదివారం, గుమ్మడికాయకూ కోడిపుంజుకూ మధ్య ఆ పసుపుపచ్చ గడ్డ కూర్చుంది. పాస్టరు అయ్యగారి ప్రసంగం ఎప్పటిలాగే సాగింది, గడ్డ మెత్తబడింది. వేలం పాడే బర్నబాస్ దాన్ని ఎత్తి తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మా?"

"మాస్టారి మామిడన్నా. మొదటి కాపు."

బర్నబాస్ గొంతు తగ్గించి అడిగాడు. "రుచి చూశావా?"

"లేదన్నా. నువ్వే చూడు."

కత్తెరతో మూల కత్తిరించగానే నవంబరు చర్చిలో మామిడిపండు వాసన గుప్పుమంది. వెనక బెంచీల వాళ్ళు కూడా తలలెత్తారు. బర్నబాస్ చెంచాతో తీసి నోట్లో పెట్టుకున్నాడు. అతని ఒక కన్ను మూసుకుపోయింది, దవడ బిగిసింది.

"పులుపేగా?" అంది సామ్రాజ్యం.

"పులుపేనమ్మా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "తొమ్మిదేళ్ళు చెప్పాను, వింటేగా! ఇప్పుడు గెలిచానని ఎవరికి చెప్పుకోను?" అంటూ అక్కడే బల్ల పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సామ్రాజ్యం కూడా ఏడ్చింది, కానీ బరువు దిగిన ఏడుపు.

ఆ పొట్లాన్ని వేలం వెయ్యలేదు. చెంచా బెంచీ బెంచీకీ తిరిగింది, అందరి మొహాలూ చిట్లాయి.

ఆ సాయంత్రం తొమ్మిది నెలల తర్వాత బర్నబాస్ పెరట్లోకి వచ్చాడు. చిగురు తుంచి నమిలాడు.

"పులుపే" అన్నాడు అలవాటుగా. జవాబు కోసం ఆగాడు.

"తిన్నాకే చెప్పావుగా అన్నా, ఒప్పుకున్నాం" అంది సామ్రాజ్యం. "కూర్చో, టీ పెడతాను."