మొదలూ కొనా లేని కట్టె

పొయ్యి కొనడానికని తిరుపతి దాకా పోయిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. నా కూతురు కానుపుకు చంద్రగిరిలోని మా ఇంటికి వచ్చి ఉంది. ఇప్పటికీ దాన్ని పాప అనే పిలుస్తాను. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్లే పోయాలి. అంత పెద్ద హండా మా గ్యాసు పొయ్యి మీద నిలవదు. కట్టెల పొయ్యి తప్పదు.

"పొడుగు కట్టెలు పెట్టేదా, ముక్కలు వేసేదా అక్కా?" అని అడిగాడు అంగడాయన.

"ముక్కలదే" అన్నాను వెంటనే. ఇనుప డబ్బాలా ఉంది. పక్కనున్న నోట్లో బెత్తెడు చెక్కముక్కలు వేయాలి. పొగ రాదని, కట్టె మిగులుతుందని ఆయన ఏవేవో చెప్పాడు. నాకవేవీ అక్కరలేదు. ముక్కలకు మొదలూ కొనా తెలియవు, నాకు కావలసింది అదే.

ఇదంతా మా అమ్మ వల్ల. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే కట్టె మొదలే, లావుగా ఉండే కొసే, ముందు పొయ్యిలోకి పోవాలని ఆమె పట్టు. కొన ముందు పోతే బిడ్డ కాళ్ల మీద వస్తుందట. నా కూతురి మొదటి కానుపప్పుడు పెరట్లో మట్టి పొయ్యి ఉండేది. నీళ్లు కాచేది నేనే. ఏ కొస చేతికి దొరికితే ఆ కొస తోసేదాన్ని. బిడ్డ కాళ్ల మీదే వచ్చింది, దక్కలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు మా అమ్మ పెరట్లో నిలబడి, "నీ చేత్తోనే చేసినావు గదమే" అంది. ఆ తరువాత కొన్నాళ్లకే ఆమె పోయింది. పొయ్యిని గడ్డపారతో నేనే పగలగొట్టాను. అయినా పెరట్లోకి పోతే చాలు, ఆమె నా వీపు వెనక నిలబడి ఆ మాటే అంటున్నట్టు ఉండేది. పాపకు ఈ సంగతి తెలియదు కదా అనేదొక్కటే నా ధైర్యం.

ఈసారి ఎనిమిదో నెలలో స్కానింగ్ తీస్తే బిడ్డ కాళ్లు కిందికి ఉన్నాయి. తిరగడానికి ఇంకా టైముంది, భయపడొద్దు అంది డాక్టరమ్మ. దారి పొడుగునా పాప పొట్ట మీది నుంచి చెయ్యి తీయలేదు.

మరుసటి రోజు పొద్దున, నీళ్లు కాగాయేమో చూద్దామని పెరట్లోకి పోయాను. పొయ్యి ఆరిపోయి ఉంది. పాప దాని ముందు నేల మీదే కూర్చుని ఉంది. ఒళ్లో చెక్కముక్కలు. ఒక్కొక్కటి తీసి అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"ఏం చేస్తా ఉండావే?"

"దీనికి మొదులు యాది మా?" అంది, కళ్లనిండా నీళ్లతో. "యా పక్క సూసినా ఒకే మాదిరి ఉండాదే!"

"నీకెవురు చెప్పినారు?"

"ఆ పొద్దు అవ్వ నిన్ను అనింది, లోపల పండుకుని విన్నాను. అడిగితే నువ్వు ఏడుస్తావని అడగలా."

దేవుడా! ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరం అదే మాట మోస్తున్నాం. అదంతా వట్టిదే అని చెప్పబోయి మానుకున్నాను. డబ్బా పొయ్యిని పక్కకు నెట్టేశాను. ఇటుకలు పేర్చి, ఎదురింటివాళ్లను అడిగి పొడుగు తుమ్మకట్టెలు తెచ్చాను. పాప లావు కొస చూసి అందించింది, నేను పెట్టాను. రోజూ అదే వరస.

తరువాతి స్కానింగ్‌లో బిడ్డ తల కిందికి వచ్చింది. కానుపు సులువుగా అయింది. ఆడపిల్ల. అది గుక్కపట్టి ఏడిస్తే నా ప్రాణం లేచి వచ్చింది.

పురుటి స్నానం నాడు వావిలాకు నీళ్లు పోస్తున్నాను. పాప తల వంచుకునే నవ్వింది.

"సూసినావా మా, కట్టె సరిగ్గా పెడితే బిడ్డ సరిగ్గా వచ్చింది. అవ్వ చెప్పింది నిజమే!"

ఎంత సంతోషంగా అందో. నేనూ నవ్వాను. "అవునే" అన్నాను. చెంబు ముంచి పోస్తూనే ఉన్నాను. అయితే మొదటి బిడ్డను పోగొట్టింది నేనే కదే, అని మాత్రం అడగలేకపోయాను.